వాటా లేని ఛైర్మన్

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఒకాయన ఉన్నారు. అసలు పేరు లిఫ్టు పక్కన బోర్డు మీద ఉంది గానీ, దాన్ని పలికేది కొరియర్ కుర్రాళ్లు మాత్రమే. మిగతా అందరికీ ఆయన ఛైర్మన్ గారు. ఏ కంపెనీకి అని అడక్కండి. ఉద్యోగంలో ఆయన పైన నలుగురు మేనేజర్లు, కింద ఒక ప్రింటరు. కానీ ఆదివారం పొద్దున్నే లుంగీ మీద ఎర్ర జెర్సీ తొడుక్కుని, నిద్రలేని కళ్లతో బాల్కనీలో పచార్లు చేస్తూ ఫోన్లో మాట్లాడుతుంటే వినాలి. ఏడువేల పైచిలుకు కిలోమీటర్ల అవతల ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ ఆయన భుజాల మీదే నడుస్తోందని మనకే అనిపిస్తుంది.

కిందటేడు రెండో అంతస్తులోకి కొత్తగా దిగిన పెద్దావిడ ఆయన్ని గేదెల వ్యాపారి అనుకుంది. ఆవిడ తప్పేం లేదు. తులసికోటకి నీళ్లు పోస్తుంటే పైనుంచి వినబడిన మాటలు ఇవీ: "కుడికాలు బలహీనం. పైగా మోకాలికి దెబ్బ. తిండికే కోట్లు పోతున్నాయి. ఈ వేసవిలో తోలెయ్యకపోతే ఆనక చవగ్గా పోతుంది." ఆవిడ లోపలికెళ్లి కోడలితో అందట, "మంచి పాడి ఉన్నదేదైనా ఉంటే మనకీ ఒక మాట చెప్పమనవే."

ఈ జాతి మనిషిని పోల్చుకోవడం తేలిక. క్రికెట్ మనిషి గెలిస్తే "కొట్టేశాం" అంటాడు, ఓడితే "ఎదవలు ఓడిపోయారు" అంటాడు. ఫుట్‌బాల్ మనిషి అలా పక్కకి తప్పుకోడు. గెలిచినా మనమే, ఓడినా మనమే. "మనం మళ్లీ ఇంట్లో ఓడిపోయామోయ్" అని ఛైర్మన్ గారు లిఫ్టులో నిట్టూరిస్తే, ఏదో ఆస్తి దావా పోయిందనుకుని పలకరించినవాళ్లున్నారు. పదేళ్లకి పైగా ఆ ఇంట్లో "మనం" అన్న మాటకి దిగులు అనే అర్థం స్థిరపడిపోయింది.

ఆయన శ్రీమతికి ఫుట్‌బాల్ తెలియదు గానీ ఇంగ్లండ్ పంచాంగం కంఠతా వచ్చు. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. వేసవి నుంచీ రాత్రి పన్నెండున్నరకి మొదలయ్యే మూలుగులు ఆ వారం నుంచి ఒకటిన్నరకి మొదలవుతాయి, అంతే. మార్చి నెలాఖరుకి మళ్లీ పన్నెండున్నర. ఆవిడ దాన్ని ఉత్తరాయణం అంటుంది.

ఈ జబ్బు ఎప్పుడు తగిలిందో తేదీతో సహా చెబుతారాయన. 1999 మే 26. బార్సిలోనాలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మన దగ్గర అర్ధరాత్రి దాటింది. హాస్టల్ టీవీ గదిలో ముగ్గురే మిగిలారు, అందులో ఒకడు నిద్రపోయాడు. బయెర్న్ మ్యూనిక్ ఒక గోలు ముందుంది. తొంభై నిమిషాలూ అయిపోయాక షెరింగ్‌హామ్ ఒకటి, సోల్‌షేర్ ఒకటి. కప్పు చేతులు మారింది. వార్డెన్ కర్ర పట్టుకుని వచ్చేసరికి ఈయన బెంచీ మీద నిలబడి ఏడుస్తున్నారట. రెండు నిమిషాలు అప్పుగా తీసుకున్న ఆ సంతోషానికి ఇప్పటికీ వడ్డీ కడుతున్నారు.

ఛైర్మన్ గారి పాలనలో శాఖలు మూడు. మొదటిది మేనేజర్ల శాఖ. ఫెర్గూసన్ 1986 నవంబరులో వచ్చి 2013 మేలో దిగిపోయాడు. ఆ మధ్యకాలంలో 13 లీగ్ టైటిళ్లు, మొత్తం 38 కప్పులు. ఆయన ఫొటో పూజగదిలో పెట్టబోతే శ్రీమతి అడ్డుపడి, మధ్యేమార్గంగా ఫ్రిజ్ మీద పెట్టనిచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతివాడూ ఆ ఇంటికి కొత్త అల్లుడే. మొదటి పండక్కి గారెలు, బూరెలు, "మనిషి ఎంత నిదానం, మాట ఎంత తూకం!" రెండో పండక్కి పప్పూ అన్నం, "మనిషి మంచివాడే గానీ..." మూడో పండక్కి గుమ్మంలోనే, "బస్సు ఎన్నింటికి?"

వాన్ గాల్ సంగతి ఎత్తితే మాత్రం ఆయనకి ఇప్పటికీ గొంతు పూడుకుంటుంది. 2016 మే 21న ఎఫ్.ఏ. కప్ గెలిపించాడు, 23న ఉద్యోగం ఊడింది. "పెళ్లి చేయించిన పంతుల్ని భోజనం పెట్టకుండా పంపేస్తారటోయ్!" అంటారు. ఆ పంతుల్ని పంపించాల్సిందేనని అంతకుముందు ఆరు నెలలపాటు బాల్కనీలోంచి కేకలేసింది ఆయనే అని మేం గుర్తుచేయం. పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదు.

రెండోది ఆర్థిక శాఖ. ఛైర్మన్ గారు అసలు సిసలుగా వెలిగేది ఇక్కడే. 2005లో గ్లేజర్ కుటుంబం క్లబ్బుని దాదాపు 79 కోట్ల పౌండ్లకి కొన్న వైనం ఆయన నోటి వెంట ఒక్కసారైనా విననివాళ్లు మా బిల్డింగులో లేరు. గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి కూడా విన్నాడు. ఒకరోజు శ్రీమతి చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పారు.

"చూడూ, ఒకడు ఇల్లు కొనాలనుకున్నాడు. చేతిలో డబ్బు చాల్లేదు. ఏం చేశాడు? కొనబోయే ఇంటినే పెద్ద మొత్తానికి తాకట్టు పెట్టాడు. ఆ డబ్బుతో ఆ ఇల్లే కొన్నాడు. వాయిదాలు మాత్రం ఇంట్లో అద్దెకున్నవాళ్ల చేత కట్టిస్తున్నాడు. ఎంత దుర్మార్గం!"

ఆవిడ ఈనె తీస్తూ తల ఎత్తకుండానే అంది. "మన కారు సంగతే కదండీ. మా నాన్న పెట్టిన బంగారం బ్యాంకులో పెట్టి కొన్నారు. వాయిదాలు నా జీతంలోంచి పోతున్నాయి."

"పెట్రోలు నేను పోయిస్తున్నాను కదా!"

"గ్లేజరు కూడా ఆ మాటే అనుంటాడు."

2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ 27.7 శాతం వాటా కొన్నప్పుడు ఛైర్మన్ గారు మాకందరికీ మైసూర్‌పాక్ పంచారు. ఆ ఏడాది 250 మంది ఉద్యోగాలు తీసేయబోతున్నారని వార్త వచ్చింది. మరుసటేడు ఇంకో కోత. దాంతోపాటు ఓల్డ్ ట్రాఫర్డ్ సిబ్బందికి ఉచిత భోజనం ఎత్తేసి పండ్లు పెడతారన్న కబురు. ఆ మధ్యాహ్నం ఆయన డబ్బాలో పులిహోర డబ్బాలోనే ఉండిపోయింది. సొంత ఆఫీసులో కాఫీకి పదిరూపాయలు వసూలు చేయడం మొదలుపెట్టిన రోజున మాత్రం కిక్కురుమనకుండా చిల్లర తీసి ఇచ్చిన మనిషే. "ఇది వేరు, అది వేరు" అన్నారు. నిజమే. ఇది బతుకుతెరువు, అది సొంత సంస్థ.

సభలన్నీ మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన. ప్రతిపక్షంలో ఇద్దరు. ఒకరు అయిదో అంతస్తులో ఉన్న ఆయన బావమరిది, ఆర్సెనల్. రెండో వాడు నాలుగో అంతస్తు బీటెక్ కుర్రాడు, చెల్సీ. బావమరిది సాధువు. 2004 తర్వాత లీగ్ రాకపోయినా, 2023 నుంచి వరసగా మూడేళ్లు రెండో స్థానంలోనే ఆగిపోయినా, విభూతి పెట్టుకున్నవాడిలా నవ్వుతూ "ఒక పద్ధతి ప్రకారం వెళ్తున్నాం బావా" అనేవాడు. కుర్రాడు దూకుడు మనిషి. తన క్లబ్బు ఎనిమిదేళ్ల ఒప్పందాలు రాసుకుని ఆటగాళ్ల ఖరీదుని అన్నేళ్లకీ చీల్చి చూపించిందని, యూరప్ ఫుట్‌బాల్ సంఘం కళ్లు తెరిచి అయిదేళ్లకి మించి చీల్చకూడదని గీత గీయాల్సి వచ్చిందని గర్వంగా చెబుతాడు. మన పిల్లల్లో కొందరికి కన్నం వేసినవాడి కంటే కన్నం ఎలా వేశాడన్నదే ముఖ్యం.

ఆ చీల్చడం ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. 2024లో ఒక సాయంత్రం ఛైర్మన్ గారు వేయించిన పల్లీల పొట్లం విప్పి, గోడ మీద పదకొండు పల్లీలు పేర్చారు. "ఇదిగో ఈ పల్లీని ఆరు కోట్ల పౌండ్లకి కొన్నాం, అయిదేళ్ల ఒప్పందం. లెక్కల పుస్తకంలో ఏడాదికి కోటీ ఇరవై లక్షలే ఖర్చు రాస్తాం. ఎందుకంటే మూడేళ్లు కలిపి నష్టం పదిన్నర కోట్ల పౌండ్లు దాటకూడదని లీగ్ రూలు. దాటితే పాయింట్లు కోస్తారు. ఎవర్టన్‌కి కోశారు, ఫారెస్ట్‌కి కోశారు." ఇక్కడ గొంతు తగ్గించి, జేబులోంచి ఒక పచ్చిమిరపకాయ తీసి పల్లీల మధ్య నిలబెట్టారు. "ఇతను మన అకాడమీ కుర్రాడు. చిన్నప్పట్నుంచీ మన అన్నం తిని పెరిగాడు, కొన్న ఖరీదు సున్నా. అమ్మితే వచ్చిందంతా లాభమే. అందుకే ఈ రోజుల్లో ఏ క్లబ్బుకైనా కన్నబిడ్డని అమ్మితేనే లెక్క బాగుంటుంది."

ఇంతలో కరకరమని చప్పుడైంది. చెల్సీ కుర్రాడు గోడకి ఆనుకుని నములుతున్నాడు. "అంకుల్, మీ మిడ్‌ఫీల్డ్‌లో ఖాళీ ఉంది" అన్నాడు.

మూడోది బాలల శాఖ. ఇక్కడ ఛైర్మన్ గారి ప్రేమకీ కోపానికీ మధ్య ఒక్క పాస్ దూరమే. 1937 అక్టోబరు నుంచి ఈనాటిదాకా యునైటెడ్ ప్రతి మ్యాచ్ జట్టులోనూ అకాడమీలో పెరిగినవాడు ఒక్కడైనా ఉన్నాడని చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే వణుకుతుంది. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ మంచులో విమానం కూలి ఎనిమిది మంది ఆటగాళ్లు పోయారంటారు. డంకన్ ఎడ్వర్డ్స్ వయసు ఇరవై ఒకటే అంటారు. కాసేపు మేడ మీద ఎవరం మాట్లాడం. బావమరిది కూడా అప్పుడు ఆర్సెనల్ మనిషి కాదు, మనిషి. ఆ వెంటనే ఛైర్మన్ గారు తేరుకుని 1995లోకి వచ్చేస్తారు. కుర్రాళ్లని పెట్టుకుని ఏమీ గెలవలేరని అలన్ హాన్సెన్ టీవీలో తేల్చేసిన సీజన్‌లోనే, ఆ కుర్రాళ్లు లీగూ కప్పూ రెండూ ఎత్తుకుపోయారు. "పిల్లల్ని నమ్మాలోయ్!" అని గోడ మీద చరుస్తారు.

ఆ నమ్మకానికి గడువు మాత్రం ఒక వారం. 2024 ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో పంతొమ్మిదేళ్ల కోబీ మేనూ మాంచెస్టర్ సిటీ మీద గోలు కొట్టినప్పుడు "పదేళ్ల దాకా ఇక చూసుకోనక్కర్లేదు" అన్నారు. మేనూ పుట్టిందీ 2005లోనే, గ్లేజర్లు క్లబ్బు కొన్నదీ 2005లోనే. ఆ సంగతి మా రెండో అంతస్తు మాస్టారికి చెబితే, పేరుకే మాస్టారు, బ్యాంకులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి కదా, కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు. "అంటే అప్పూ కుర్రాడూ ఒక ఈడువాళ్లన్నమాట. ఇద్దర్లో అప్పుకే పోషణ బాగా జరిగినట్టుంది."

ఆ కుర్రాడు మరుసటి సీజన్‌లో బంతిని రెండుసార్లు తప్పుగా అందించగానే ఛైర్మన్ గారి మొహం మాడిపోయింది. "ఫామ్ పోయింది. మంచి ధర వస్తే..." అన్నారు. ఆయన నిఘంటువులో ఫామ్ అంటే కిందటి వారం. అంతకుముందుదంతా చరిత్ర.

బావమరిది ఊరుకోడు. "మావాడు న్వానెరి లీగ్‌లో మొదటిసారి బరిలోకి దిగేనాటికి పదిహేనేళ్ల నూట ఎనభై ఒక్క రోజులు బావా" అంటాడు. ఈ మాట మా ఆవిడ చెవిన పడి, అదే వయసున్న మా అబ్బాయిని ఆ వారమంతా "చూడరా" అంటూ కుళ్లబొడిచింది. వాడు శాంతంగా, "అమ్మా, వాడికి ఇంటర్ సీటు అక్కర్లేదు" అన్నాడు.

ఇంతటి ఛైర్మన్ గారు మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి కోశాధికారి కూడా. ఇది మేం చేసుకున్న పాపం. యునైటెడ్ కంపెనీ కేమన్ దీవుల్లో రిజిస్టరై 2012 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉంది, మూడు నెలలకోసారి లెక్కలు బయటపెడుతుంది, ఈయన వాటిని చదివి ఎర్ర పెన్నుతో గీతలు కొడతారు. మా అసోసియేషన్ మాత్రం కొండాపూర్‌లోనే ఉంది, దాని లెక్కలు ఏడాదిన్నరగా బయటికి రాలేదు.

మొన్నటి సర్వసభ్య సమావేశంలో మాస్టారు లేచారు. సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు, ఇరవై మందిమి, సమోసాలు.

"నీళ్ల మోటారు పద్దెనిమిది వేలు పెట్టి కొన్నామన్నారు. లెక్కలో మూడువేల ఆరువందలే కనబడుతోంది. మిగతాది ఏమైంది బాబూ?"

"అయిదేళ్లకి విడగొట్టానండీ. అమోర్టైజేషన్. ప్రపంచంలో పెద్ద క్లబ్బులన్నీ ఇలాగే చేస్తాయి."

"చాలా బాగుంది. మరి వాచ్‌మన్‌కి రెండు నెలలుగా జీతం లేదు. దాన్ని ఎన్నేళ్లకి విడగొట్టావు?"

ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్ అక్కడే గేటు దగ్గర స్టూలు మీద ఉన్నాడు. పాలమూరు మనిషి, మాట తక్కువ. "ఫర్వాలేదు సార్, నిదానంగ ఇయ్యుండ్రి" అన్నాడు. ఆ మాట అతను అనకుండా ఉంటే బాగుండేది.

మాస్టారు ఇంకా కూర్చోలేదు. "జీతాలు రాక జట్టు చెదిరిపోవడం చూడ్డానికి నువ్వు మాంచెస్టర్ దాకా వెళ్లక్కర్లేదు. గచ్చిబౌలి ఎంత దూరం?"

అయిదారు కిలోమీటర్లు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ అక్కడి బాలయోగి స్టేడియంలో ఆడేది. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా లెక్క సరిచేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు హైదరాబాద్‌ది. తర్వాత రెండేళ్లయినా కాకముందే ఖజానా ఎండింది, జీతాలు ఆగాయి, కొత్తవాళ్లని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 సీజన్ మొత్తానికీ ఒకే ఒక్క గెలుపు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. కప్పు గెలిచిన ఆ ఆదివారం సాయంత్రం యునైటెడ్‌కి మ్యాచ్ లేదు. ఛైర్మన్ గారు పెందలాడే పడుకున్నారు. ఏడాదిలో తీరిగ్గా నిద్రపోయే రాత్రులు ఆయనకి చాలా తక్కువ.

"ఆ రోజుల్లో మన కోచ్ రహీమ్ గారు బడిపంతులయ్యా" అన్నారు మాస్టారు, ఇప్పుడు ఎవరితోనో కాదు, తనలో తనే. "మన సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి వరసగా అయిదు రోవర్స్ కప్పులు. దేశాన్ని 56 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు. 62లో ఒంట్లో కేన్సర్ పెట్టుకుని జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చాడు. మా నాన్న సైకిల్ మీద వెళ్లి చూసొచ్చేవాడు ఆ పోలీసుల ఆట." అని కూర్చుని సమోసా అందుకున్నారు.

సరిగ్గా అప్పుడు సెల్లార్ ఆ చివర్నించి ఠాప్ మని చప్పుడు, వెనకే గాజు రాలిన చప్పుడు.

మా సెల్లార్ స్తంభానికి ఒక బోర్డు ఉంది. "ఇక్కడ బంతి ఆడరాదు. అతిక్రమిస్తే బంతి తీసుకోబడును. ఇట్లు, కోశాధికారి." పిల్లల్ని నమ్మాలని మేడ మీద చరిచిన చెయ్యే దాన్ని కట్టింది. దాని కిందే, పన్నెండేళ్ల వాచ్‌మన్ కొడుకు బిగుసుకుపోయి నిలబడ్డాడు. ఎదురుగా ఛైర్మన్ గారి కారు, ఎడమవైపు అద్దం వేలాడుతోంది.

వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి పరిగెత్తాడు. "ఏందిరా ఇది! సార్, జీతంల పట్టుకోండ్రి సార్." రాని జీతంలోంచి ఎలా పట్టుకోవాలో ఏ క్లబ్బు లెక్కల్లోనూ లేదు.

ఛైర్మన్ గారు మెల్లగా నడిచి వెళ్లారు. అద్దం చూశారు. బంతి తగిలిన చోటు నుంచి పిల్లవాడు నిలబడ్డ చోటుకి అడుగులు లెక్కపెట్టారు. ఇరవై రెండు. మధ్యలో రెండు స్తంభాలు, ఒక స్కూటీ.

"ఏ కాలితో కొట్టావురా?"

పిల్లవాడు బెదురుగా ఎడమ కాలు చూపించాడు, శిక్ష దానికొక్కదానికే పడుతుందేమో అన్నట్టు.

"స్తంభం పక్కనుంచి తిప్పావా? కావాలని తిప్పావా?"

"పొయ్యేటోళ్లకు తగల్గూడదని తిప్పిన సార్."

"ఇంకోసారి కొట్టు."

"సార్?"

"కొట్టరా!"

కొట్టాడు. బంతి స్కూటీని చుట్టి స్తంభాన్ని రాసుకుంటూ వెళ్లి, కాపలా లేని సమోసాల పళ్లెంలో పడింది. ఇరవై మందిమీ లేచి నిలబడ్డాం. వెనకనుంచి బావమరిది గొంతు, "బావా, వీణ్ణి మాకిచ్చెయ్యి." ఛైర్మన్ గారు వెనక్కి తిరగలేదు. "అమ్మేది లేదు" అన్నారు.

మర్నాడు పొద్దున్న బోర్డు అక్కడే ఉంది. కాకపోతే "ఆడరాదు" కింద ఎర్ర పెన్నుతో ఇంకో ముక్క చేరింది: "సాయంత్రం 5 నుంచి 7 వరకు తప్ప." వారం తిరక్కుండానే ఆ పిల్లవాడు ఒక షాట్ గోడకి కొడితే, బాల్కనీలోంచి "ఫామ్ పోయింది" అన్న గొణుగుడు నేను చెవులారా విన్నాను. మనిషి మారాడని మీరు అనుకోకూడదని చెబుతున్నాను.

నెలాఖరుకి ఏడాదిన్నర తర్వాత మొదటిసారిగా అసోసియేషన్ లెక్కలు నోటీసు బోర్డు మీదికి ఎక్కాయి. మాస్టారు కళ్లజోడు పైకెత్తి, కాగితానికి ముక్కు ఆనించి చదివారు. మొదటి వరస: వాచ్‌మన్ జీతం, రెండు నెలల బకాయి, చెల్లించడమైనది. రెండో వరస: కోశాధికారి కారు అద్దం, అకాడమీ ఖర్చుల కింద, 4,500 రూపాయలు. అయిదేళ్లకి విడగొట్టగా ఈ ఏడాదికి 900.